లెక్క సరిపోయిన కప్పు

నరిన్,
అక్టోబరు 1999

గౌరవనీయులైన కాలిపా గారికి,

సదిర్ సలాములు. కవరు మీద నా చేతిరాత చూడగానే పక్కన పడేస్తారని అనుకున్నాను. పడేయకుండా ఇక్కడిదాకా వచ్చారంటే మిగతాది కూడా చదవండి. ఇది సంసారం గురించి కాదు, ఇనుము గురించి.

మా ఊళ్ళో ఆటల మందిరం కడుతున్నారు. పట్టణ నిర్మాణాల పర్యవేక్షకుడిగా దాని మీద ఆఖరి సంతకం నాది. గోడలు లేచాయి. వేసవి చివర్లో పైకప్పు ఎక్కించారు. ఇనుప బంతులు, బంతికీ బంతికీ మధ్య పైపులు, అలా అల్లుకుపోయిన కప్పు. నక్షా మీ నగరంలోని ఒక డిజైన్ కార్యాలయం పంపింది. వాళ్ళ లెక్క నేనూ చూశాను. బంతుల సంఖ్యను మూడుతో హెచ్చించి ఆరు తీసేస్తే ఎన్ని వస్తాయో, పైపులు సరిగ్గా అన్నే ఉన్నాయి. కట్టడం కదలకుండా నిలవాలంటే కావలసిన లెక్క అదేనని మనం చదువుకున్నాం.

అయినా కప్పు కదులుతోంది.

నడిమి వెన్ను కింద దుంగలు ఊతంగా నిలబెట్టారు, పని ముగిశాక తీసేయడానికి. లోయలోంచి గాలి కొట్టినప్పుడు దుంగ తలకీ దాని మీదున్న బంతికీ మధ్య సందు తెరుచుకుంటుంది. గాలి తగ్గితే మూసుకుంటుంది. రంగులేసే మనిషి ఆ సందులో ఇరుక్కుని నలిగిన బ్రష్షు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఇది ఊపిరి పీలుస్తోందండీ" అన్నాడు. కార్యాలయానికి రాస్తే, "లెక్క సరిపోయింది, బోల్టులు బిగించండి" అని జవాబు. బిగించాం. ఊపిరి ఆగలేదు.

మీ పని ఇలాంటి వాటి మీదేనని విన్నాను. వీలుంటే రెండు ముక్కలు రాయండి.

ఇట్లు,
సదిర్

*

బిష్కెక్,
నవంబరు

సదిర్,

"గౌరవనీయులైన"! "మీరు"! పద్నాలుగేళ్ళు ఒకే దుప్పటి కోసం చెరోవైపు లాక్కున్నవాళ్ళం. నాకు ఆ మర్యాదలొద్దు, చలేస్తుంది. అసలే ఇక్కడ వేడి లేదు. సంస్థలో ఆవిరి గొట్టాలు చల్లగా పడున్నాయి. కోటు వేసుకుని, తొడుగులు వేసుకుని పాఠం చెప్తున్నాను. సుద్దముక్క ఇంటి నుంచే తెచ్చుకుంటున్నాను. క్లాసులో పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. మిగతావాళ్ళు బజారులో చైనా చెప్పులు అమ్ముతున్నారు. వాళ్ళని ఏమీ అనలేను. ఒక్కోరోజు బోర్డు ముందు నిలబడి, సగం గీసిన బొమ్మ మీద చెయ్యి పెట్టి, ఇది ఎవరి కోసం అని ఆగిపోతాను. తర్వాత మళ్ళీ గీస్తాను, చెయ్యి ఊరికే ఉండలేక.

"మీ పని ఇలాంటి వాటి మీదేనని విన్నాను." విన్నావా! ఎవరి దగ్గర? మన ఇంట్లో ఆ మాట తీసినప్పుడల్లా నువ్వు టీవీ పెట్టేవాడివి.

సరే. విను. చుక్కలు, చుక్కల్ని కలిపే గీతలు. గీతలు సాగవు, కుంచించుకోవు. చుక్కల దగ్గర మాత్రం ఎటైనా తిరగొచ్చు. అలాంటి అల్లిక నిలబడుతుందా, ఒరుగుతుందా? ఇంతే నా బతుకంతా. మన డేరాకి కర్రలు అడ్డదిడ్డంగా అల్లి కట్టే మడత గోడ చూడు. నొక్కితే కట్టెలమోపు, లాగితే గోడ. చుట్టూ పట్టీ బిగిస్తే ఇక గాలివాన వచ్చినా అంగుళం జరగదు. కర్రలు అవే, ముళ్ళూ అవే.

మీ లెక్క తప్పు కాదు, చాలదు. పైపులు తక్కువ కాలేదని మాత్రమే అది చెప్తుంది. ఎక్కడున్నాయో చెప్పదు. నలుగురికి నాలుగు రొట్టెలు ఉన్నంత మాత్రాన నలుగురూ తిన్నట్టు కాదు. ఒకడు రెండు తినుంటాడు. ఒకడు ఖాళీ కడుపుతో పడుకునుంటాడు.

బోల్టులు బిగించడం ఆపు. వదులైనదాన్ని బిగించొచ్చు. దానికి తిరగడానికి దారి ఉంటే ఎంత బిగించినా తిరుగుతుంది. ఏ బంతి ఏ బంతితో కలిసిందో బొమ్మ గీసి పంపు. కొలతలు ఇప్పుడే వద్దు. నీ గీత శుభ్రంగా ఉంటుంది, అదొక్కటీ ఒప్పుకుంటాను.

మా మేడకొచ్చే ఫోను తీగ ఎవరో రాగి కోసం కోసుకుపోయారు. ఉత్తరమే రాయి. నరిన్ బస్సు డ్రైవర్ల చేతికిస్తే తపాలా కంటే ముందొస్తుంది.

మన పిల్ల బురుల్చా ఎలా ఉంది? జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

కాలిపా

*

నరిన్,
నవంబరు

కాలిపా,

బొమ్మ పెడుతున్నాను. పై వరస బంతులు నల్లగా, కింది వరసవి ఖాళీగా వదిలాను. వెన్ను ఎర్ర పెన్సిలు. బయటి అంచులు స్తంభాల తలల మీద కూర్చుంటాయి, బిగించి కాదు, జారే పలకల మీద. ఎండకీ చలికీ ఇనుము సాగుతుంది, ముడుచుకుంటుంది కదా, అందుకు.

ఇక్కడ మంచు మొదలైంది. మా మేయరు శైలోబెక్‌కి కొత్త సంవత్సరం లోపల మందిరం తెరవాలని పట్టుదల. నిన్న చూడటానికొచ్చాడు. దుంగల మధ్య అటూ ఇటూ తిరిగి, "ఈ అడవేంటి అన్నా, సదిర్ బైకే? ఇక్కడ బంతి ఆడాలా, పుట్టగొడుగులు ఏరాలా?" అన్నాడు. వెనకున్నవాళ్ళంతా నవ్వారు. కంట్రాక్టరు ఓర్మోన్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ దుంగలు అతనివే, ఇంకో చోట పనికి కావాలి.

నేను నవ్వలేదు, కోప్పడలేదు. రెంటికీ ఓపిక లేదు. ఈమధ్య మోకాళ్ళు కూడా మెట్ల దగ్గర నన్ను అడిగి గానీ కదలడం లేదు.

ఆడపిల్లలకి వాలీబాల్ నేర్పే టీచరు ఒకమ్మాయి రోజూ వచ్చి, "ఎప్పుడు లోపలికి రానిస్తారు?" అని అడిగి పోతోంది. బడి ఆవరణలో గడ్డకట్టిన నేల మీద ఆడిస్తోంది పిల్లల్ని. పడితే మోచేతులు చీరుకుపోతున్నాయి.

బురుల్చా బాగుంది. ఉద్యోగం చేస్తోంది.

సదిర్

*

బిష్కెక్,
డిసెంబరు

సదిర్,

దొరికింది.

నీ కప్పు ఒకటి కాదు, రెండు. తూర్పు సగం ఒక వస్తువు. పడమటి సగం ఇంకో వస్తువు. దేనికది రాయిలా బిగుసుకుని ఉంది. రెండూ కలిసేది ఎక్కడ? నీ ఎర్ర గీత రెండు కొసల్లో ఉన్న రెండు బంతుల దగ్గర. అంతే, ఇంకెక్కడా లేదు. రెండు బందులతో బిగించిన తలుపు ఏం చేస్తుంది? తిరుగుతుంది.

మరి లెక్క ఎలా సరిపోయిందంటావు. ఆ రెండు కొస బంతుల మధ్య దూరం మారకుండా తూర్పు సగం తన పైపులతో కట్టేసింది. అదే దూరాన్ని పడమటి సగం కూడా తన పైపులతో కట్టేసింది. ఒకే పని ఇద్దరు చేశారు. పక్కనున్న పని ఎవరూ చేయలేదు. చివర్న కూడి చూసుకుంటే పనులూ పనివాళ్ళూ సమానం! ఆ కార్యాలయంలో కూడినవాళ్ళు ఉన్నారు గానీ, చూసినవాళ్ళు లేరు.

ఊతాలు తీశారంటే వెన్ను దిగుతుంది, అంచులు ఆ జారే పలకల మీద బయటికి జారతాయి. తెరిచి బోర్లించిన పుస్తకం చదునుగా పడినట్టు పడుతుంది. దాని మీద మీ ఊరి మంచు కూడా.

దీనికి మందు పెద్దదేం కాదు. వెన్నుకి దిగువన, కింది వరసలో, తూర్పు సగం నుంచి పడమటి సగానికి ఒక పైపు. లెక్కకి ఒకటి చాలు. మంచు బరువుకి ఎన్ని కావాలో, ఎంత మందం ఉండాలో నీ విద్య. నేనైతే ఒకదాంతో ఊరుకోను.

అప్పటిదాకా దుంగలు ముట్టనివ్వకు.

ఇది కనిపెట్టగానే సంతోషం వేసింది సదిర్. స్టవ్ మీద టీ పొంగిపోతున్నా లేవలేదు. ఎన్నాళ్ళయిందో అలా. తర్వాత మోచేతులు చీరుకుపోయిన ఆ పిల్లలు గుర్తొచ్చారు. టీ తుడుచుకున్నాను.

"ఉద్యోగం చేస్తోంది." ఏం ఉద్యోగమో రాయడానికి సిరా అయిపోయిందా?

కాలిపా

*

నరిన్,
డిసెంబరు

కాలిపా,

నీ ఉత్తరం తీసుకుని మేయరు దగ్గరికి పోయాను. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎవరీ కాలిపా?"

"గణితంలో డాక్టరు."

"ఆవిడకి వెల్డింగ్ వచ్చా?"

"రాదు."

"మీ పాత భార్య కదూ?" అన్నాడు. ఊళ్ళో ఏదీ దాగదు. "బైకే, మీరంటే నాకు గౌరవం. కానీ జనం ఏమనుకుంటారు? విడిపోయి పదేళ్ళయినా సదిర్ పెళ్ళాం మాటే వింటున్నాడంటారు!"

"కలిసున్నప్పుడు వినలేదు, ఇప్పుడైనా విననీయండి" అన్నాను. ఆ మాటకి నవ్వాడు గానీ కాగితాన్ని టీ గిన్నె కింద పెట్టుకున్నాడు. ఓర్మోన్ పక్కనుంచి, "అంత పెద్ద కార్యాలయం తప్పు చేస్తుందా? ఈయనకి రిటైరయ్యే ముందు భయం పట్టుకుంది" అన్నాడు.

కొత్త సంవత్సరం పండగ వారంలోనే ప్రారంభం. రెండు రోజుల ముందు దుంగలు తీసేస్తారట. నేను సంతకం పెట్టనంటే ఇంకొకడు పెడతాడు. ఆ ఇంకొకడు ఎవరో కూడా తెలుసు. ఎదురు మాట్లాడేవాడు కాదు.

పేరుతో, హోదాతో, ముద్రతో ఒక కాగితం ఇవ్వగలవా? ఆ కార్యాలయంతో తగువు పెట్టుకోవడం నీకు ఇబ్బందైతే చెప్పు. వేరే దారి చూస్తాను. వేరే దారి లేదనుకో, అయినా చూస్తాను.

సదిర్

*

బిష్కెక్,
డిసెంబరు

సదిర్,

కాగితం పెట్టాను. పేరుంది, హోదా ఉంది, సంతకం ఉంది. ముద్ర లేదు. ముద్రలుండే బీరువా తాళంచెవి మా ఉపసంచాలకుడి జేబులో ఉంటుంది. ఆయన ఊళ్ళో లేడు. నకలొకటి నిర్మాణ శాఖకి నేనే స్వయంగా ఇచ్చి వచ్చాను. నీ బదులు ఇంకొకడెవడో సంతకం పెట్టే ముందు వాడు కూడా కాస్త ఆలోచించుకోవాలి కదా.

దీంతోపాటు డ్రైవరు నీకొక చెప్పుల పెట్టె ఇస్తాడు. మెల్లగా తెరువు. లోపల మీ కప్పుంది. సహాయంగా పంచిన గొట్టపు మకరోనీ, ఊలు దారం. మకరోనీల్లోంచి దారం దూర్చి ముళ్ళు వేశాను, ముడి దగ్గర అన్ని వైపులా తిరుగుతుంది. ఏ గొట్టం ఏ గొట్టంతో అన్నది అచ్చం నీ బొమ్మలో ఉన్నట్టే. రెండు పుస్తకాల మీద అంచులు ఆనించి, వెన్ను కింద అగ్గిపెట్టె పెట్టు. తర్వాత మీ మేయర్నే ఆ అగ్గిపెట్టె తీయమను. కాగితం చదవనివాడు కూడా చేత్తో తీసింది నమ్ముతాడు.

విడిగా ఒక మకరోనీ, రెండు కొసలా దారంతో, పొట్లం కట్టి పెట్టాను. అది దేనికో నీకు తెలుసు.

అలసిపోయాను. వేళ్ళు ముడి వేస్తుంటే వంగడం లేదు. నా వయసు స్త్రీ మకరోనీ పెట్టుకుని నేల మీద కూర్చుంటే కింది ఇంటి ముసలావిడ, "పిల్లకి కాబోలు" అంది. ఔనన్నాను.

కాలిపా

*

నరిన్,
డిసెంబరు చివర

కాలిపా,

చెప్పి తీరాలి.

మేయరు గదిలో నిండా జనం. ప్రారంభం రోజు ఎవరెక్కడ కూర్చోవాలో మాట్లాడుకుంటున్నారు. నేను పెట్టె తెరిచి బల్ల మీద నిలబెట్టాను. ఓర్మోన్, "సదిర్ బైకే మధ్యాహ్నం భోజనం తెచ్చుకున్నాడు" అన్నాడు. నవ్వనిచ్చాను.

"ఆ అగ్గిపెట్టె ఒకసారి ఇటివ్వండి" అన్నాను మేయరుతో, సిగరెట్టు తీస్తూ.

ఆయన మాటల్లో ఉండి లాగేశాడు. కప్పు చప్పుడు లేకుండా పడింది. ఒక్క మకరోనీ విరగలేదు, కాలిపా! ఒక్క ముడి ఊడలేదు. చదునుగా, చాపలా. మేయరు చేతిలో అగ్గిపెట్టె అలాగే ఉంది.

"నేనేం చేశాను?" అన్నాడు.

"ఊతదుంగ తీశారు."

వెన్ను పైకెత్తి నీ పొట్లంలో మకరోనీ కింద కట్టాను. ముడి పడటానికి చాలాసేపు పట్టింది. ఈసారి అగ్గిపెట్టె లేకుండా నిలబడింది. మేయరు వేలితో నొక్కాడు. టీ గిన్నె ఎత్తి దాని మీద పెట్టాడు. నిలబడే ఉంది. ఓర్మోన్ వైపు తిరిగి, "నీ దుంగ ఒక్కటి కదిలినా నిన్నే దాని చోట నిలబెడతాను" అన్నాడు.

ప్రారంభం మాత్రం ఆపలేదు. దుంగలకి రంగు కాగితాలు చుట్టి పండగ చేశారు. జనం తక్కువ, ఉపన్యాసాలు ఎక్కువ. కొత్త పైపులు కనుమ దారి మంచు తగ్గి లారీలకి తెరుచుకున్నాక వస్తాయి. ఈలోగా గోడవారన, దుంగలకి దూరంగా, ఆ టీచరు పిల్లల్ని ఆడించుకోవచ్చని ఒప్పుకున్నాను. మనసు ఒప్పలేదు. బయట చలి అలా ఉంది.

నీకు కృతజ్ఞతలు అని రాయబోయి ఆగాను. ఆ మాట మన మధ్య ఎప్పుడూ లేదు, ఇప్పుడు పెడితే అతికించినట్టుంటుంది.

సదిర్

*

నరిన్,
జనవరి 2000

అమ్మా,

నేను బురుల్చాని. నాన్న రాయలేడు, అందుకు నేను రాస్తున్నాను. ముందే చెప్తున్నాను, బతికే ఉన్నాడు.

మందిరంలో వాలీబాల్ నేర్పే టీచర్ని నేనే. నీకు రాయొద్దని నాన్నకి చెప్పాను. "బంతి వెనక పరిగెత్తడానికి చదువెందుకు" అన్నావు ఆ రోజు. నేనేం మర్చిపోలేదు. కానీ ఇప్పుడు దానికి టైం లేదు.

మూడు రోజులు ఆగకుండా మంచు పడింది. మేయరు ఊళ్ళో లేడు. ఓర్మోన్ మనుషులు వచ్చి, పైపులు వచ్చేదాకా అన్ని దుంగలెందుకు, సగం చాలు అని వెన్ను ఒక కొస నుంచి తీయడం మొదలుపెట్టారు. నేను పిల్లలతో అవతల గోడ దగ్గరున్నాను. "ఆపండి!" అని అరిచాను. "నీ బంతి నువ్వు చూసుకో చెల్లీ" అన్నారు. అప్పుడు పైన ఒక చప్పుడు, ఇనుము మూలిగినట్టు. తలెత్తి చూస్తే వెన్ను జానెడు దిగింది. పిల్లల్ని బట్టలు మార్చుకునే గది తలుపు గుండా బయటికి తోశాను. బూట్లు కూడా వేసుకోనివ్వలేదు.

నాన్న ఎవరో చెప్తే పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ మోకాళ్ళతో. పనివాళ్ళు అప్పటికే వాకిట్లో ఉన్నారు, ఒక్కడూ లోపలికి రాలేదు. నాన్న జాకీ తీసుకుని లోపలికి పోయాడు. వెనక నేను. "బయటికి పో" అన్నాడు. "ఒక్కడివే దుంగ ఎలా ఎత్తుతావ్?" అన్నాను. ఒక్కొక్కటీ నిలబెట్టాం. ఆఖరిది జారి నాన్న తొడ మీద పడింది. కప్పు మాత్రం ఆగింది.

ఎముక రెండు చోట్ల విరిగిందట. ఇక్కడ వీలుకాదు, రేపు అంబులెన్స్‌లో మీ ఊరి ఆసుపత్రికి పంపుతున్నారు. నేను రాలేను. దుంగల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. నువ్వెళ్ళి చూడు. వెళ్తావుగా?

బురుల్చా

*

నరిన్,
ఫిబ్రవరి

సదిర్,

చేరాను. కనుమ మీద బస్సు రెండుసార్లు ఆగింది, మగవాళ్ళు దిగి పారలతో తవ్వారు, మేం లోపల ఒకరి టీ ఒకరం తాగాం.

ఆసుపత్రిలో నిన్ను వదిలి రావడం నాకిష్టమై రాలేదు. "నువ్వు పోయి ఆ పైపులు వేయించు, ఇంకెవరికీ అది ఎక్కడ పెట్టాలో తెలీదు" అని నువ్వు మంచం పట్టుకుని లేవబోతుంటే ఇంకేం చేయను.

నీ ఇంట్లో, నీ గదిలో ఉంటున్నాను. నీ కర్టెన్లు ఉతికాను, తిట్టుకో. బురుల్చా పొద్దున్నే పోతుంది, సాయంత్రం వస్తుంది. "టీ ఉంది", "రొట్టె ఉంది", "తలుపు గడియ పెట్టాను" అని మాట్లాడుకుంటున్నాం. నిన్న నేను గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి తుడిచింది. అన్నీ తుడిచి పోయింది. నేను మళ్ళీ కడగడానికి ఇంకేమైనా మిగిలాయా అని వెతికాను.

ఓర్మోన్ వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని. "అక్కా, నేను కావాలని చేయలేదు" అన్నాడు. "కావాలని చేసుంటే ఇంత బాగా చేసేవాడివి కాదు" అన్నాను. ఏడ్చాడు. వాడి మీద కోపం నిలబెట్టుకోవడానికి కూడా బలం కావాలి, నా దగ్గర అంత లేదు. మనుషుల్ని ఇస్తానన్నాడు, ఇమ్మన్నాను.

పైపులు దిగాయి. ఎన్ని వేయాలి, ఎక్కడెక్కడ, ఎంత మందం? జాకీలతో వెన్ను ముందు ఎంత ఎత్తించాలి? నాకు ఒకటి వరకే తెలుసు.

కాలిపా

*

బిష్కెక్, ఆసుపత్రి,
ఫిబ్రవరి

కాలిపా,

మూడు వేయించు. ఒకటి సరిగ్గా మధ్యన, రెండు కొసలకి దగ్గరగా. నాలుగంగుళాల పైపు. కొలతలు వెనక పేజీలో. ముందు జాకీలతో పాత ఎత్తుకి తెప్పించు, ఒక్కసారిగా కాదు, అన్నీ కలిపి, కొంచెం కొంచెంగా. వెల్డింగ్ అయ్యాక చల్లారనివ్వు. దుంగలు మధ్య నుంచి కాకుండా రెండు కొసల నుంచి వదులు చేయించు. ప్రతి దుంగ దగ్గరా ఒక మనిషి చెవి పెట్టి వినాలి.

ఇక ఇంకో సంగతి. మీ సంస్థ నుంచి రైఖాన్ అనే ఆవిడ గొర్రెమాంసం సూపు తెచ్చింది. నువ్వే పంపావట. మంచి మనిషి, నోరు ఆగదు. ఉపసంచాలకుడు ఊళ్ళో లేకపోవడం కాదట. ఆ నక్షాల మీద సంతకాల్లో ఆయనదీ ఉందట. ముద్ర అడిగినందుకు గదిలో నిలబెట్టి, "కాగితం వెనక్కి తీసుకుంటే రేపు పాఠం చెప్తారు, లేకపోతే లేదు" అన్నాడట. నువ్వు సుద్దముక్కలు సంచిలో వేసుకుని వచ్చేశావట. అప్పుడు ఇంటికెళ్ళి మకరోనీ పట్టుకుని కూర్చున్నావన్నమాట.

"శీతాకాలం సెలవులు" అన్నావు నాతో, ఈ మంచం పక్కన, బత్తాయి వొలుస్తూ. నేను నమ్మాను.

నీకు ఇబ్బందైతే చెప్పమని రాశాను కదా. ఎందుకు చెప్పలేదు? ఇరవై ఏళ్ళ నీ పని. నేనడిగిన ఒక కాగితానికి.

ఇక్కడ పడుకుని కప్పు చూడటం తప్ప పనిలేదు. సున్నం పెచ్చులు లేచింది. కోపంగా ఉంది కాలిపా, ఎవరి మీదో తెలీదు. బహుశా నీ మీదే. నిద్రలేచేసరికి ఉండదు, నిద్ర పడితే.

సదిర్

*

నరిన్,
మార్చి

సదిర్,

ముందు పని. అయిపోయింది.

మూడు పైపులూ నువ్వు రాసినచోటే. ఎత్తడానికే ఒక పూట పట్టింది. వెల్డింగ్ చేసినతను మంచివాడు, తొందరపడలేదు. నిన్న దుంగలు తీశాం. మేయరు వచ్చాడు, గుమ్మం దగ్గర ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడ్డాడు. ఓర్మోన్ మనుషులు ముందు రానన్నారు. వాళ్ళని తప్పుపట్టలేం, ఆ రోజు చప్పుడు విన్నవాళ్ళు. నేను పోయి నడిమిన, వెన్ను కింద నిలబడ్డాను. ధైర్యమని కాదు. కాగితం మీద ఎన్నోసార్లు "కాబట్టి కదలదు" అని రాశాను, ఆ మాట కింద ఎప్పుడూ నిలబడలేదు.

బురుల్చా వచ్చి పక్కన నిలబడింది.

"బయటికి వెళ్ళు" అన్నాను.

"నువ్వెళ్ళు" అంది.

"నేను లెక్క చేశాను, నేనుండాలి."

"నా పిల్లలు ఆడేది ఇక్కడ. నేనూ ఉండాలి."

అచ్చం నీలా. నేను వాదించడం ఆపేశాను. అప్పుడు మనుషులు లోపలికొచ్చారు.

రెండు కొసల నుంచి వదులు చేస్తూ వచ్చారు. ఒక్కో దుంగ పడినప్పుడల్లా నేల అదిరింది. నడిమిది ఆఖరు. అది వదలగానే పైన టక్కున ఒక చప్పుడు. నా చెయ్యి ఎవరో పట్టుకున్నారు. వెన్ను వేలెడు కూడా దిగలేదు. బరువు ఆ మూడు పైపుల్లోకి వెళ్ళి కూర్చుంది, అంతే. మనుషులు ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరూ కేకలు వేయలేదు, చప్పట్లు కొట్టలేదు. అందరం బాగా అలసిపోయి ఉన్నాం. రంగులేసే అతను మాత్రం నేల మీద కూర్చుని, టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఇక కదలదా?" అంది బురుల్చా.

"కదలదు."

"అమ్మా, నువ్వు చేసే పని ఇదా, ఇన్నేళ్ళూ?"

"ఇదే."

"ముందే చెప్పుంటే అర్థమయ్యేది కదా" అంది. చెయ్యి అప్పుడు వదిలింది.

పొద్దున పిల్లలు ఆడుతుంటే బెంచీ మీద కూర్చుని చూశాను. ఒకళ్ళు బంతి కొట్టే ముందే మిగతావాళ్ళు కదిలిపోతారు, ఎవరెక్కడ ఉండాలో చూసుకుంటూ. వాళ్ళకి అది ఎలా తెలుస్తుందని అడిగితే, "అదే నేను నేర్పేది" అంది మన పిల్ల. నా మొహం చూసి నవ్వింది కూడా. నేను ఆ పిల్ల నవ్వు చూసి చాలా కాలమైంది. ఒక పన్ను కొస విరిగి ఉంది, ఎప్పుడు విరిగిందో నాకు తెలీదు.

ఇక నీ కోపం. ఎందుకు చెప్పలేదంటే, చెప్తే నువ్వు కాగితం వద్దనేవాడివి. వేరే దారి చూస్తాననేవాడివి, లేని దారి. ఆ ఉద్యోగం గురించి బాధ లేదని అబద్ధం చెప్పను. ఇప్పటికీ పొద్దున్నే లేచి సంచి కోసం చూస్తాను. నిర్మాణ శాఖ వాళ్ళు నా నకలు చదివి మనిషిని పంపారు, కప్పంతా కొలుచుకుపోయాడు. అవతల ఏమవుతుందో తెలీదు. అవ్వకపోయినా ఆశ్చర్యపోను.

ఇక్కడి బడిలో లెక్కలు చెప్పేవాళ్ళు లేరట, అడిగారు. ఆలోచిస్తానన్నాను. ఆలోచించడానికేం లేదని మనిద్దరికీ తెలుసు.

నిన్ను వచ్చే వారం పంపుతామని డాక్టరు రాశాడు. నీ గది ఖాళీ చేశాను. నా మంచం వంటింటి పక్కన వేసుకున్నాను. తలుపుకి ఆసుపత్రిలో నువ్వడిగినట్టు కొత్త గడియ పెట్టించాను. మూడంతస్తులు ఎలా ఎక్కుతావని కంగారుపడకు. బురుల్చా ఒకవైపు, నేనొకవైపు పట్టుకుంటాం. మధ్యలో ఆగాల్సి వస్తే ఆగుదాం, ఎవరూ తరమడం లేదు.

కాలిపా